పసిడి దారిలో చక్రాల ఇల్లు

బంగారం కోసం ఒకప్పుడు ప్రపంచమంతా పరుగెత్తిన ఊళ్లవి. ఇప్పుడు జనం తీరిగ్గా, ఇంటిని వెంటబెట్టుకుని మరీ వెళ్తున్నారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా పసిడి పట్టణాల్లో కారవాన్ యాత్ర ఇది.

ఓడ మెల్‌బోర్న్ రేవులో లంగరు వేయడమే ఆలస్యం... సరుకు దించాల్సిన నావికులు దిగి పారిపోయేవారు. ఊళ్లో పోలీసులు రాజీనామాలు ఇచ్చేశారు. గుమస్తాలు కలాలు పక్కనపెట్టి పారలు పట్టుకున్నారు. అందరి దారీ ఒక్కటే. బంగారం దొరుకుతోందన్న కొండల్లోకి! అది 1851. ఆ ఏడాది జులై 1నే విక్టోరియా విడి వలస రాజ్యంగా ఏర్పడింది. అప్పటికి దాని జనాభా సుమారు 77 వేలు. పదేళ్లు తిరిగేసరికి అది దాదాపు 5 లక్షల 40 వేలయింది. ఆ దశాబ్దంలో ప్రపంచం మొత్తం మీద తవ్వితీసిన బంగారంలో మూడోవంతుకు పైగా విక్టోరియాదేనంటే ఆ జాతర ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇప్పుడూ ఆ దారిలో జనం వెళ్తూనే ఉన్నారు. కాకపోతే ఎవరికీ తొందర లేదు. కారు వెనక తెల్లటి పెట్టెలాంటి బండి. అందులో మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు... అదే కారవాన్. ఉద్యోగాల నుంచి రిటైరయ్యాక ఇలాంటి బండి ఒకటి కొనుక్కుని నెలల తరబడి దేశం చుట్టే జంటలు ఆస్ట్రేలియాలో బోలెడు. వాళ్లకో ముద్దుపేరు కూడా ఉంది, 'గ్రే నోమాడ్స్' అని. నెరిసిన జుట్టు సంచారులన్నమాట! సెలవుల్లో పిల్లలతో వచ్చే కుటుంబాలకూ కొదవలేదు.

గుడారం నుంచి కారవాన్‌కి

పసిడి పట్టణాలు చూడ్డానికి ఇంతకన్నా తగిన బండి లేదు. ఎందుకంటే ఆనాటి జనం తిరిగిందీ ఇలాగే. ఒక లోయలో బంగారం దొరికిందంటే వారం తిరక్కుండా వేల గుడారాలు లేచేవి. అక్కడ అడుగంటిందంటే గుడారం పీకి ఎద్దుబండి మీద వేసుకుని మరో లోయకు. 1854లో కాబ్ అండ్ కో వాళ్ల గుర్రపు బళ్లు మొదలయ్యేదాకా చాలామందికి నడకే గతి. అందుకే ఈ ఊళ్లన్నీ ఒకదానికొకటి దగ్గర దగ్గరగా ఉంటాయి. ఎక్కడా రెండు గంటలకు మించి బండి నడపక్కర్లేదు. మెల్‌బోర్న్‌లో బయల్దేరి చుట్టూ తిరిగి మళ్లీ మెల్‌బోర్న్ చేరితే మొత్తం ఆరేడొందల కిలోమీటర్లు. వారం రోజులు సరిపోతుంది.

రాత్రికి ఆగడానికి దాదాపు ప్రతి ఊళ్లోనూ కారవాన్ పార్కులుంటాయి. కరెంటు ప్లగ్గు, మంచినీళ్ల కుళాయి, స్నానాల గదులు, అందరూ కలిసి వండుకునే వంటశాల అక్కడే. శాకాహారులకు ఇదో వరం. ఏ ఊళ్లో ఏం దొరుకుతుందోనన్న బెంగ లేకుండా కుక్కర్లో పప్పు, అన్నం పెట్టేసుకోవచ్చు. మెల్‌బోర్న్‌లో ఉన్న కొడుకునో కూతురినో చూడ్డానికి వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు ఇంటి భోజనంతో సాగే ఇలాంటి యాత్ర బాగా కుదురుతుంది.

నీలి జెండా ఎగిరిన చోటు

మెల్‌బోర్న్‌కి పడమరగా 115 కిలోమీటర్లు వెళ్తే బాలరాట్. పిల్లలున్న వాళ్లు ముందు ఆగేది సావరిన్ హిల్ దగ్గరే. 1970లో మొదలైన ఈ ప్రదర్శనశాలకు గోడలు లేవు. 1850ల నాటి వీధి మొత్తాన్ని మళ్లీ కట్టేశారు. కమ్మరి కొలిమి, మిఠాయి కొట్టు, గుర్రపు బళ్లు, నాటి దుస్తుల్లో తిరిగే మనుషులు... వాగులో దిగి పళ్లెంతో ఇసుక జాడిస్తే అడుగున మిలమిల మెరిసే రజను కనిపిస్తుంది. దొరికింది ఇంటికి తెచ్చుకోవచ్చు.

అయితే బాలరాట్ అసలు కథ యురేకాది. ఆ రోజుల్లో బంగారం తవ్వాలంటే లైసెన్సు ఉండాలి. మొదట్లో నెలకు 30 షిల్లింగులు, అంటే పౌనున్నర కాదు, పౌండున్నర. బంగారం దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే. కట్టని వాళ్ల కోసం పోలీసులు గుంటల వెంట వేటాడేవారు. పన్ను వసూలు చేసే ప్రభుత్వంలో తవ్వేవాళ్లకు ఓటు మాత్రం లేదు. ఓపిక నశించి 1854 నవంబరులో వేలమంది బేకరీ హిల్ మీద చేరారు. నీలం గుడ్డ మీద తెల్లటి శిలువ, నక్షత్రాలున్న జెండా ఎగరేశారు. లైసెన్సులు తగలబెట్టారు. పీటర్ లేలర్ అనే ఐరిష్ యువకుడి నాయకత్వంలో దుంగలతో కంచె కట్టుకుని నిలబడ్డారు. డిసెంబరు 3, ఆదివారం తెల్లవారుజామున సైన్యం విరుచుకుపడింది. అరగంట కూడా పట్టలేదు. సైనికులతో కలిపి పాతికమందికి పైగా చనిపోయారు. లేలర్ ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు.

పోరులో ఓడారు, కానీ కోర్టులో గెలిచారు. రాజద్రోహం కేసు పెట్టిన 13 మందినీ 1855లో జ్యూరీలు నిర్దోషులుగా వదిలేశాయి. నెలసరి లైసెన్సు పోయి, ఏడాదికి ఒక్క పౌండు చెల్లిస్తే చాలన్న 'మైనర్స్ రైట్' వచ్చింది. తలకు వెల కట్టిన లేలర్ శాసనసభకు వెళ్లాడు. తర్వాత స్పీకర్ కూడా అయ్యాడు! 1856లో విక్టోరియా రహస్య ఓటింగు తెచ్చింది. ప్రపంచంలో ఆ పద్ధతి మొదట పాటించిన ప్రాంతాల్లో ఇదొకటి. మరుసటి ఏడాది దిగువసభకు వయోజన పురుషులందరికీ ఓటు దక్కింది. జ్ఞాపకంగా దాచుకోవడానికి జనం ముక్కలు ముక్కలుగా కత్తిరించుకోగా మిగిలిన ఆ నీలి జెండాను బాలరాట్‌లోని యురేకా సెంటర్‌లో చూడొచ్చు.

పన్ను తప్పించుకోవడానికి... కాలినడక

బాలరాట్ నుంచి ఇంకా పడమరకు గంటకు పైగా బండి నడిపితే అరరాట్ వస్తుంది. చూడ్డానికి మామూలు ఊరే. కానీ ఆస్ట్రేలియాలో చైనీయులు వేసిన ఊరు ఇదొక్కటే.

యురేకా వీరులు హక్కులు సాధించిన 1855లోనే విక్టోరియా ఇంకో చట్టం చేసింది. ఓడ దిగే ప్రతి చైనీయుడి మీదా 10 పౌండ్ల పన్ను! తెల్లవాళ్లకు అది లేదు. కూలీకి అప్పు చేసి వచ్చిన పేదలు అంత సొమ్ము ఎక్కడ తెస్తారు? అందుకని ఓడలు పక్కనున్న దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ అనే చిన్న రేవులో దించేయడం మొదలెట్టాయి. అక్కణ్నుంచి భుజాన కావడి, తలమీద వెదురు టోపీ, ఒకరి వెనక ఒకరు వందల కిలోమీటర్ల నడక. కొద్ది సంవత్సరాల్లోనే 16 వేలమందికి పైగా అలా రోబ్‌లో దిగారు. అలా నడిచొస్తున్న ఓ బృందం 1857లో నీళ్ల కోసం ఆగిన చోట బంగారం కనిపించింది. అదే అరరాట్. ఊళ్లో చైనా పద్ధతిలో కట్టిన గమ్ శాన్ కేంద్రం ఈ కథంతా చెబుతుంది. గమ్ శాన్ అంటే బంగారు కొండ.

2017లో ఆ వలస కూలీల వారసులు, మరికొందరు కలిసి రోబ్ నుంచి మెల్‌బోర్న్ శాసనసభ దాకా మళ్లీ నడిచారు. మెట్ల దగ్గర వాళ్లను కలిసిన విక్టోరియా ప్రీమియర్ డేనియల్ ఆండ్రూస్ నాటి చట్టాలకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. 160 ఏళ్లు ఆలస్యమైనా!

తూచడానికి తక్కెడ చాల్లేదు

అరరాట్ నుంచి ఈశాన్యంగా తిరిగితే మెరీబరో. ఊరికి మించిన రైల్వేస్టేషన్ దీని ప్రత్యేకత. 1895లో ఆస్ట్రేలియాలో ఉపన్యాస యాత్ర చేసిన రచయిత మార్క్ ట్వేన్ దీన్ని చూసి స్టేషన్‌కి ఊరిని తగిలించారని చమత్కరించాడట.

అక్కణ్నుంచి డనోలీ, ఆపైన మోలియాగుల్. ఇప్పుడు నాలుగిళ్లు తప్ప పెద్దగా ఏమీ లేని మోలియాగుల్‌లో 1869 ఫిబ్రవరి 5న జాన్ డీసన్ గునపానికి చెట్టు వేళ్ల దగ్గర ఏదో గట్టిగా తగిలింది. రాయనుకుని మళ్లీ కొట్టాడు. మట్టిపొర కిందే, కొద్ది అంగుళాల లోతులో... ముద్దబంగారం! భాగస్వామి రిచర్డ్ ఓట్స్‌ని పిలిచి ఇద్దరూ పైకి లాగారు. డనోలీకి తీసుకెళ్తే అక్కడున్న తక్కెళ్లలో ఏదీ సరిపోలేదు. చివరికి కమ్మరి దాగలి మీద పెట్టి ముక్కలు చేశాక గానీ తూచలేకపోయారు. శుద్ధి చేశాక తేలింది సుమారు 71 కిలోలు. 'వెల్‌కమ్ స్ట్రేంజర్' అని పేరుపడ్డ ఆ ముద్దే ఇప్పటిదాకా ప్రపంచంలో దొరికిన వాటిలో అతి పెద్దది. దొరికిన చోట స్మారకస్తంభం ఉంది. డనోలీ మ్యూజియంలో ఆ దాగలి ఉంది.

ఈ ప్రాంతంలో సాయంత్రం కారవాన్ పార్కులో కూర్చుంటే పక్కబండి వాళ్ల చేతిలో లోహ శోధక యంత్రం కనిపించడం ఖాయం. కొద్దిపాటి రుసుముతో మైనర్స్ రైట్ తీసుకుంటే పదేళ్లపాటు అనుమతించిన చోట్ల ఎవరైనా వెతుక్కోవచ్చు. యురేకా నాటి పేరు ఆ కాగితానికి ఇంకా అలాగే ఉంది! ఆశకు కారణం లేకపోలేదు. 2023లో ఒకాయనకు ఈ పసిడి నేలలో 4.6 కిలోల రాయి దొరికింది. అందులో 2.6 కిలోలు బంగారమే. విలువ 2 లక్షల 40 వేల ఆస్ట్రేలియన్ డాలర్లని తేలింది. అయితే ఎక్కువమంది ఇంటికి పట్టుకెళ్లేది తుప్పుపట్టిన మేకులు, పాత సీసా మూతలే.

భూమిలోకి మెట్లు

గుంటలు తవ్వుకునే రోజులు కొన్నేళ్లే. పైనున్న బంగారం అయిపోయాక, రాతిలో ఉన్న దానికోసం భూమిలోకి వెళ్లాల్సి వచ్చింది. దానికి యంత్రాలు కావాలి, యంత్రాలకు కంపెనీలు కావాలి. నిన్నటిదాకా తన గుంటకు తనే యజమాని అయినవాడు గని కూలీ అయిపోయాడు. ఆ మార్పు కళ్లకు కట్టేది బెండిగోలో.

ఇక్కడి సెంట్రల్ డెబోరా గనిలో 1954 దాకా పని జరిగింది. లోతు 400 మీటర్ల పైమాటే. నెత్తిన దీపమున్న టోపీ పెట్టుకుని సందర్శకులు బోనులాంటి లిఫ్టులో దిగొచ్చు. 61 మీటర్ల లోతులో దీపాలన్నీ ఒక్క నిమిషం ఆర్పేస్తే... పక్కనున్న మనిషి కాదు, తన చెయ్యి తనకే కనబడదు. రాతిని తొలిచే యంత్రాల దుమ్ము పీల్చి ఎందరో కార్మికులు ఊపిరితిత్తుల జబ్బుతో చిన్న వయసులోనే పోయారు.

ఇదంతా మన పక్కనే ఉన్న కోలార్‌ని గుర్తుచేస్తుంది. అక్కడ బ్రిటిష్ కంపెనీ. ఇంగ్లాండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని నిపుణులు రెండుచోట్లా పనిచేశారు. కోలార్ గనుల్లోకి దిగినవారిలో చిత్తూరు జిల్లా నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి వెళ్లిన తెలుగు, తమిళ కుటుంబాలెన్నో. మూడు కిలోమీటర్లకు మించిన లోతు, అదే దుమ్ము, అదే జబ్బు. 2001 ఫిబ్రవరి 28న కోలార్ గనులు మూతపడ్డాక మిగిలినవి సైనైడ్ మట్టిదిబ్బలు, బెంగళూరుకు రైల్లో కూలికి వెళ్లే మనుషులు. బెండిగో తన మూతపడ్డ గనికి టికెట్ పెట్టి పిల్లలకు చరిత్ర పాఠం చెబుతోంది. కోలార్‌లో అలాంటి పాఠం ఇంకా రాయాల్సే ఉంది.

బెండిగోలో ఇంకోటి చూడాలి, గోల్డెన్ డ్రాగన్ మ్యూజియం. ఈస్టర్ పండగకు ఇక్కడ డ్రాగన్ ఊరేగింపు జరుగుతుంది. 2019 నుంచి ఊరేగుతున్న కొత్త డ్రాగన్ పొడవు సుమారు 125 మీటర్లు. మ్యూజియంలో పాత డ్రాగన్ కూడా భద్రంగా ఉంది. 1870ల్లో మొదలైన ఈ పండగ ఉద్దేశం ఆసుపత్రికి విరాళాలు పోగుచేయడం. తలపన్ను వేసిన రాజ్యంలోనే, ఆ ఊరి రోగుల కోసం చైనీయులు తమ పట్టుబట్టలు, డప్పులతో వీధిలోకి వచ్చారు.

చిన్న సమాధులు

బెండిగో నుంచి దక్షిణంగా 40 కిలోమీటర్లలో కాసిల్‌మేన్. చుట్టుపక్కల యూకలిప్టస్ అడవిలో నడిస్తే అడుగడుక్కీ పాత గుంటలు, కూలిన రాతిగోడలు, నీళ్లు మళ్లించిన కాలవలు. ఈ ప్రాంతాన్ని 2002లో జాతీయ వారసత్వ ఉద్యానవనంగా ప్రకటించారు.

ఊరి శివార్లలో పెన్నీవెయిట్ ఫ్లాట్ అనే చోటుంది. పెన్నీవెయిట్ అంటే బంగారం తూచే అతి చిన్న తూనికల్లో ఒకటి. అంతకు మించి దొరకని నేల అని అర్థం. తవ్వడానికి పనికిరాని ఆ రాతినేలను శ్మశానానికి వదిలారు. 1850ల్లో అక్కడ దాదాపు 200 మందిని పాతిపెట్టారు. ఎక్కువమంది పసిపిల్లలే. వాగుల నీళ్లన్నీ బంగారం జాడించి జాడించి బురదయ్యాయి. గుడారాల్లో రక్తవిరేచనాలు, జ్వరాలు. పేర్లున్న సమాధులు కొన్నే. మిగతావి రాళ్ల కుప్పలు. ఇప్పటికీ ఎవరో వచ్చి వాటిమీద చిన్న బొమ్మలు, పూలు పెట్టి వెళ్తుంటారు. పసిడి వేట గురించి వంద పుస్తకాలు చెప్పలేనిది ఆ రాళ్లు చెబుతాయి.

ఆ నేల అసలు యజమానుల కథ దీనికన్నా పాతది. బెండిగో, కాసిల్‌మేన్ ప్రాంతం జాజా వురుంగ్ ఆదివాసులది. తవ్వకాలతో వాగులు పూడిపోయి, అడవి నరికేసి, వాళ్ల బతుకే తలకిందులైంది. తమ నేలను వాళ్లిప్పుడు 'తలకిందులైన దేశం' అనే పిలుస్తారు. 2013లో విక్టోరియా ప్రభుత్వం వాళ్లతో ఒప్పందం చేసుకుని, ఆ నేల సంప్రదాయ హక్కుదారులుగా గుర్తించింది.

పక్కనే 18 కిలోమీటర్లలో మాల్డన్. 1966లో ఆస్ట్రేలియా నేషనల్ ట్రస్టు 'ప్రసిద్ధ పట్టణం'గా ప్రకటించిన మొదటి ఊరిది. వరండాల దుకాణాలు, పాత బోర్డులు ఉన్నవి ఉన్నట్టే. కాసిల్‌మేన్ నుంచి ఇక్కడికి బొగ్గుబండి నడుస్తుంది. కారవాన్‌ను పార్కులో వదిలేసి ఆ రోజుకు రైలెక్కడం పిల్లలకు పండగే.

జాగ్రత్తలు కొన్ని

కారవాన్ లాగడానికి మామూలు కారు లైసెన్సు చాలు. ఇంగ్లిషులో ఉన్న మన లైసెన్సుతో పర్యాటకులు నడపొచ్చు. అద్దెకిచ్చేవాళ్లు అంతర్జాతీయ పర్మిట్ అడగొచ్చు కనుక తీసుకెళ్తే మంచిది. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమపక్కే. అసలు పరీక్ష వెనక్కి తిప్పడంలోనే! భయమనిపిస్తే కారు, ఇల్లు ఒకటేగా ఉండే మోటార్‌హోమ్ తీసుకోవచ్చు. బండి కదులుతుండగా కారవాన్‌లో ఎవరూ కూర్చోకూడదు. మునిమాపువేళ కంగారూలు రోడ్డుకు అడ్డంపడతాయి కాబట్టి చీకటి పడకముందే ఊరు చేరాలి. పెద్ద యూకలిప్టస్ చెట్ల కింద బండి ఆపొద్దు. కొమ్మలు ఉన్నట్టుండి విరిగిపడతాయి. అడవిలో పాడుబడ్డ గని గుంటలుంటాయి కనుక పిల్లల్ని దారి దిగనివ్వకూడదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మండే ఎండలు, కార్చిచ్చుల భయం. నిప్పు నిషేధించిన రోజుల్లో ఆరుబయట పొయ్యి వెలిగిస్తే నేరం. మార్చి-మే, సెప్టెంబరు-నవంబరు నెలలు హాయిగా ఉంటాయి. ఊరి నుంచి పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్తే విమానాశ్రయంలో తప్పకుండా చెప్పాలి.

పుస్తకాల ఊరు

తిరుగు ప్రయాణంలో బాలరాట్‌కి ఉత్తరాన ఉన్న క్లూన్స్‌లో ఆగాలి. 1851 జులైలో విక్టోరియా బంగారం సంగతి లోకానికి తెలిసిన మొదటి చోట్లలో ఇదొకటి. గనులు మూతపడ్డాక ఊరు నిద్రపోయింది. వీధి ఎంతగా మారకుండా ఉండిపోయిందంటే 'మ్యాడ్ మ్యాక్స్' సినిమా వాళ్లు 1979లో విడుదలైన చిత్రం కోసం ఇక్కడికే వచ్చారు. 2007లో ఊరివాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. ఖాళీగా ఉన్న పాత దుకాణాల్లో పుస్తకాలు పెట్టారు. ఏటా పుస్తకాల పండగ చేస్తున్నారు. రెండు వేల లోపు జనాభా ఉన్న ఊరికి ఆ రెండ్రోజులూ వేలమంది వస్తారు.

విక్టోరియాలో గనులు ఇంకా కొన్ని నడుస్తున్నాయి. కానీ ఈ ఊళ్లు బతుకుతున్నది వాటి మీద కాదు. 2025లో విక్టోరియా పసిడి క్షేత్రాలు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపుకు ఆస్ట్రేలియా పంపే తాత్కాలిక జాబితాలో చేరాయి. ఈ ఊళ్లను నిలబెడుతున్నవి జెండా ముక్క, డ్రాగన్, రాళ్ల కుప్పలాంటి గుర్తులు, వాటిని దాచుకున్న మనుషులు. గెలిచిన కథతో పాటు సిగ్గుపడాల్సిన కథనూ పారేయకుండా ఉంచుకున్నారు. తవ్వినకొద్దీ తరిగిపోయేది బంగారం. ఈ ఊళ్ల దగ్గర ఇప్పుడున్నది మాత్రం చెప్పినకొద్దీ పెరుగుతోంది.